పడవలో ఒడిబియ్యం

మల్లేశ్ చేతికి నీళ్లు పడవని మల్దకల్ దిక్కున అందరూ అనేవాళ్లు. అన్నవాళ్లంతా అతని చేత బోరు మోటార్లు బాగు చేయించుకున్నవాళ్లే. ఎవరి బోరులో మోటారు ఇరుక్కున్నా, ఎవరి స్టార్టర్ కాలిపోయినా మల్లేశ్ రావలసిందే. కప్పీ గొలుసు కట్టి, పైపులు ఒక్కొక్కటే పైకి లాగి, మోటారు బాగుచేసి మళ్లీ లోపలికి దించి, వాళ్ల చేను తడవడం కళ్లారా చూసి పోయేవాడు. తన చేనులో మాత్రం ఎక్కడ బోరు వేసినా దుమ్మే లేచింది. ఆఖరి బోరులో కూడా చుక్క పడని ఏడాది, మరలు తిప్పే పానాలన్నీ సంచిలో వేసుకుని, పెళ్లాం ఉమ వెంట ఇల్లరికం పోయాడు. పోయింది ఎక్కడికి? నాలుగు దిక్కులా కృష్ణ పారే ఎద్దులగడ్డకు! నీళ్లు పడని మనిషికి దేవుడు నీళ్ల నడుమనే ఇల్లు చూపించాడని మల్దకల్ వాళ్లు నవ్వారు. మల్లేశ్ కూడా నవ్వాడు. ఆ రోజుల్లో అతనికి నవ్వడం బాగా వచ్చు.

ఎద్దులగడ్డ జూరాలకు దిగువన, నది రెండు పాయలుగా చీలిన చోట ఉంటుంది. ఎండాకాలం బండల మీద నడిచి గద్వాల ఒడ్డుకు పోవచ్చు. వానాకాలం వచ్చిందంటే గుండ్రటి పుట్టి పడవే దిక్కు. ఎన్నో అర్జీల తర్వాత ఊరికి ఒక ఫైబర్ పడవ వచ్చింది. దాని వెనక మోటారు ఉంది గానీ నడిపేవాడు లేడు. అందరూ మల్లేశ్ వైపు చూశారు.

"మోటారే గదా. బోరు మోటారు నీళ్లను తోస్తది, ఇది పడవను తోస్తది. ఏం ఫరక్ ఉంది?" అన్నాడు మల్లేశ్, తువ్వాలు నడుముకు బిగిస్తూ.

అట్లా పడవ డ్రైవరయ్యాడు. ఆ మోటారులో అతనికి అన్నిటికంటే నచ్చింది ఒక బటన్. పైకి నొక్కితే నీళ్లలో ఉన్న మోటారు కాలు, దాని చివర తిరిగే రెక్కలతో సహా, తనంతట తానే పైకి లేస్తుంది. కిందికి నొక్కితే నెమ్మదిగా నీళ్లలోకి దిగుతుంది. పైపులు లాగి లాగి బొబ్బలెక్కిన చేతులకు, బొటనవేలి ఒత్తుడుతో మోటారు లేవడమంటే రాజభోగమే. ఊరికే కూచున్నప్పుడు కూడా ఎత్తి దించి మురిసిపోయేవాడు.

"ఆ బటన్ను అరగదీసేదాక ఊకుంటవా లేదా?" అని ఉమ కసిరేది.

ఆ బటన్ సోకు కోసం పెట్టింది కాదు. గద్వాల ఒడ్డుకు దగ్గరలో నీళ్ల కింద గుండ్ల వరస ఒకటుంది. నిండు వరదలో ఆ గుండ్లు లోతుకు పోతాయి, నీళ్లు తగ్గితే బయటికి కనిపిస్తాయి. వరద అటూ ఇటూ కాకుండా నడిమధ్యన ఉన్నప్పుడే చెడ్డ కాలం. మోకాటి లోతున కనపడకుండా పొంచి ఉంటాయి. అప్పుడు వరస దగ్గరికి రాగానే మోటారు పైకెత్తి, పడవను ఊపు మీద గుండ్లపై నుంచి జార్చి, అవతల మళ్లీ దించాలి. ఎత్తడం ఆలస్యమైతే రెక్కలు బండకు తగిలి విరుగుతాయి. దించడం ఆలస్యమైతే పడవ ప్రవాహం పాలవుతుంది.

మల్లేశ్‌కు ఒక్కతే బిడ్డ, సుప్రియ. పాన్‌గల్‌లో ఇచ్చారు. అల్లుడు రాకేష్ నెమ్మదైనవాడు. సుప్రియ మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండుతుండగా ఆశా కార్యకర్త సుమన ఫోన్ చేసింది. పైనుంచి నీళ్లు వస్తున్నాయట, గేట్లు ఎత్తుతారట, అమ్మాయిని ముందే గద్వాల తీసుకువచ్చి దవాఖాన దగ్గర ఎవరింట్లోనైనా ఉంచమని చెప్పింది. ఉమ అప్పటికే బట్టలు సర్దింది. మల్లేశ్ మాత్రం ఫోన్లో నవ్వాడు.

"పడవ మా ఇంటి ముంగలనే ఉంది. డ్రైవర్ ఎవరో కాదు, పిల్ల నాయిన. ఇంకేం గావాలె సుమనమ్మా? నొప్పులు మొదలైన గడియల తెచ్చి నీ ముందర కూసుండబెడ్త."

సర్దిన బట్టలు మళ్లీ దండెం ఎక్కాయి. ఆ ఒక్క మాట అతను వెనక్కి తీసుకోగలిగితే ఈ కథే ఉండేది కాదు.

కొత్త నీళ్లు వచ్చిన రోజు గడ్డ మీది ఆడవాళ్లు కృష్ణమ్మకు చీరె పెట్టారు. పుట్టింటికి వచ్చిన బిడ్డకు చేసినట్టే పసుపు, కుంకుమ, గాజులు, పసుపు కలిపిన ఒడిబియ్యం. ప్రతి ఏడూ చేసేదే. ఈసారి ఉమ కడుపులో బెంగ ఎక్కువ. నదికి పోయగా మిగిలిన బియ్యాన్ని పడవ వెనక భాగంలో, మోటారు పాదం దగ్గర పోసి దండం పెట్టుకుంది. నది మీద నడిచేది పడవే గనక దానికీ ఒడి నింపాలనిపించింది పాపం. సాయంత్రం చీపురు తీసుకుని ఊడ్వబోతే మల్లేశే అడ్డుపడ్డాడు.

"ఒడిబియ్యం ఊడుస్తరా ఎవరన్న? బిడ్డ కాన్పు అయ్యేదాక అట్లనే ఉండనీ. మంచిది."

మరునాడే గేట్లు లేచాయి. వరద తగ్గేదాకా పడవ తీయవద్దని అధికారులు చెప్పారు. మల్లేశ్ పడవను గట్టు మీదికి లాగించి, మోటారు పైకెత్తి, మీద తాడిపత్రి పట్టా కప్పి, తాళ్లతో కట్టేశాడు. నీళ్లు పెరిగిన కొద్దీ పొలాల్లో బొరియలు మునిగాయి. బొరియల్లో ఉన్న ఎలుకలు ఎక్కడికి పోతాయో ఎవరూ ఆలోచించలేదు.

సుప్రియకు నొప్పులు తెల్లవారుతుండగా మొదలయ్యాయి. లలితమ్మను పిలిచారు. ఉమకు పెద్దమ్మ వరస, ఈ గడ్డ మీద సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే. ఆమె లోపలికి పోయిన కాసేపటికే బయటికి వచ్చింది. చేతులు కడుక్కోలేదు.

"నెత్తురు ఆగుతలేదు అల్లుడా. ఇది నాతోటి అయ్యే పని కాదు. దవాఖానకే పోవాలె. జల్ది పోవాలె."

మల్లేశ్ ఫోన్ చేశాడు. సుమన అంబులెన్సును ఒడ్డుకు పిలుస్తానంది. వరద సాయం వాళ్లు దూరం నుంచి బయలుదేరాలి, వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుందన్నారు. పైన గేట్లు కొన్ని దించారు, నీళ్లు కాస్త తగ్గాయి. తగ్గి సరిగ్గా ఆ నడిమధ్యకు వచ్చి నిలిచాయి. ఉమ పినతండ్రి కొడుకు భాస్కర్, ఇంకో నలుగురు కలిసి పడవను నీళ్లలోకి తోశారు. సుప్రియను నులకమంచంతో సహా ఎత్తి పడవలో పెట్టారు.

"నాయినా, పడవ మంచిగ ఉందా?" అని అడిగింది సుప్రియ. పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"దానికేమైతది, నీకేమైతది బిడ్డా. గడియల అవతలికి పోతం," అంటూ మల్లేశ్ తాళం తిప్పి బటన్ కిందికి నొక్కాడు.

ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. మోటారు గాలిలో కాలు చాపుకుని అట్లాగే ఉంది. పైకి నొక్కితే లోపల ఎక్కడో టిక్కుమంది, అంతే. కిందికి నొక్కితే ఆ టిక్కు కూడా లేదు. బ్యాటరీ బాగానే ఉంది, దీపం వెలుగుతోంది. మోటారు నీళ్లలోకి దిగకపోతే పడవ ఉండి ఏం లాభం? చచ్చిన చేప, అంతే.

బటన్‌తో పని లేకుండా మోటారును చేత్తో దించడానికి పక్కన ఒక మర ఉంటుంది. దాన్ని విప్పితే లోపలి నూనె పట్టు వదులుతుంది. మల్లేశ్ స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాడు. జారిపోయింది. పోయిన ఎండాకాలం అది వదులుగా ఉందని తానే ఉలి పెట్టి, సుత్తితో కొట్టి, బోరు క్లాంపు బిగించినట్టు బిగించాడు. మర తల నున్నగా అరిగిపోయి ఉంది. భాస్కర్ మోటారుకు వేలాడి బరువంతా వేశాడు. ఇసుమంత కదల్లేదు.

"బావా, ఏమన్న జెయ్ బావా," అన్నాడు భాస్కర్.

మల్లేశ్ మోటారు మూత విప్పాడు. గుప్పుమని ఎలుకల కంపు కొట్టింది. లోపల దూదిపీచుతో అల్లిన గూడు. గూట్లో పసుపుపచ్చని బియ్యపు గింజలు. మోటారును ఎత్తి దించే రెండు చిన్న డబ్బాలకు పోయే సన్న వైర్లు కొరికి కొరికి దారపు ముక్కల్లా ఉన్నాయి.

వెనక్కి తిరిగి చూశాడు. ఉమ బిడ్డ తల ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆ గింజలు ఆమె కంట పడకూడదు. పోసింది ఆమె, ఉంచమన్నది తాను. గూడును గింజలతో సహా పిడికిట పట్టి నీళ్లలో విసిరేశాడు.

తర్వాత చేతులు వాటంతట అవే పని మొదలుపెట్టాయి. వైర్లు పళ్లతో ఒలిచి మెలివేశాడు. ఫ్యూజు పోయింది. బోర్ల దగ్గర ఫ్యూజు పోతే ఎవరైనా ఏం చేస్తారు? రాగి పోగు ఒకటి చుట్టేస్తారు. ఇరవై ఏళ్లుగా అతనూ అదే చేశాడు. ఇప్పుడూ అదే చేశాడు. బటన్ నొక్కగానే, అప్పటిదాకా టిక్కుమన్న ఆ ఒక్క డబ్బా కూడా పొగ కక్కి నల్లబడింది. ఎక్కడో ఇంకో వైరు ఒరుసుకుంటున్నట్టుంది, ఆ సంగతి చెప్పడానికే ఫ్యూజు పోయింది. అది చెప్పిన మాట అతను వినలేదు.

మంచం మీద సుప్రియ మూలిగింది. మూలుగు ముందుకంటే చిన్నగా ఉంది. లలితమ్మ పాత చీరలు మారుస్తూ, "అల్లుడా, అయితదా కాదా చెప్పు," అంది.

"తెల్వదు అత్తమ్మా. నాకు ఏం తెల్వదు," అన్నాడు మల్లేశ్. అతనికి పెద్దగా ఏడవాలనిపించింది. ఎందరి చేలకో నీళ్లు తెచ్చిన చేతులు ఇవి. కన్నబిడ్డను ఒక్క పాయ దాటించలేకపోతున్నాయి. ఎవరి కాళ్ల మీద పడాలో తెలియక మోటారునే రెండు చేతులా పట్టుకుని తల ఆనించాడు.

అట్లా ఆనించినప్పుడు కనిపించాయి, డబ్బాల నుంచి కిందికి పోయే రెండు లావు వైర్లు. వాటిని ఎలుకలు ముట్టలేదు. డబ్బాలు కాలితే కాలనీ, వాటితో పనేముంది? వైర్లు ఊడబీకి, పొడుగు చాలక ఇంకో రెండు ముక్కలు కలిపి, నేరుగా బ్యాటరీకి ముట్టించాడు. చిటచిటమని నిప్పు మిరుగులు లేచాయి. మోటారును ఎత్తి దించే పంపు కింద గుర్రుమంది. కానీ మోటారు దిగలేదు. పైకే తోసుకుంటూ మూలిగింది. ఇంకా పైకి ఎక్కడికి పోతుంది?

బోరు మోటారు ఉల్టా తిరుగుతుంటే రెండు వైర్లు అటుది ఇటు మార్చాలని మల్దకల్‌లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మల్లేశ్ మార్చి ముట్టించాడు. మోటారు మెల్లగా, బద్ధకంగా తల వంచి నీళ్లలోకి దిగింది. పడవలో ఉన్నవాళ్లంతా ఒక్కసారి ఊపిరి వదిలారు.

మోటారు నడపడానికి మల్లేశ్‌కు ఒక చెయ్యి, దిక్కు తిప్పడానికి ఇంకో చెయ్యి కావాలి. భాస్కర్ ముందర కర్ర పట్టుకుని గుండ్లు చూడాలి. లలితమ్మ సుప్రియను వదలకూడదు. మిగిలింది ఉమ. మల్లేశ్ ఆమె కొంగు అంచు చింపి ఒక వైరుకు కట్టాడు.

"గుడ్డ కట్టింది బ్యాటరీ ఎర్ర దిక్కుకు పెడితే లేస్తది. నల్ల దిక్కుకు పెడితే దిగుతది. నేను ఎత్తు అంటే ఎత్తు, దించు అంటే దించు. షాక్ కొట్టది. మిరుగులు లేస్తయి, విడవకు."

ఉమకు ఇంట్లో స్విచ్చి వేయాలన్నా భయం. బిడ్డ తలను మెల్లగా లలితమ్మ ఒళ్లోకి మార్చి, వచ్చి బ్యాటరీ ముందు కూచుంది. రెండు చేతుల్లో రెండు వైర్లు పట్టుకుంది.

పడవ కదిలింది. నడి పాయలో ప్రవాహం పక్కనుంచి కొడుతోంది. నీళ్లలో కొట్టుకొస్తున్న తుమ్మకొమ్మలను భాస్కర్ కర్రతో పక్కకు నెడుతున్నాడు. అవతలి ఒడ్డు మీద తెల్లని అంబులెన్సు, దాని ముందు చెయ్యి ఊపుతున్న సుమన కనిపించారు. మల్లేశ్ బొటనవేలు బటన్ మీదికి పోతోంది, ఆ బటన్ చచ్చిందని తెలిసీ పోతోంది.

"బావా, గుండ్లు!" అరిచాడు భాస్కర్.

"ఎత్తు!"

ఉమ ముట్టించింది. మిరుగులకు కళ్లు మూసుకుంది. మోటారు లేవలేదు, ఇంకా కిందికి ఒత్తుకుంది. కంగారులో గుడ్డ కట్టిన వైరు నల్ల దిక్కుకు పెట్టింది. కింద టంగుమని రెక్క బండకు తగిలింది. పడవ మొత్తం అదిరింది. సుప్రియ కెవ్వుమంది.

"ఉల్టా! ఉల్టా పెట్టు ఉమా!"

ఆమె మార్చింది. ఒక వైరు వేళ్ల మధ్య కాలుతోంది, చర్మం కమిలిన వాసన మల్లేశ్ దాకా వచ్చింది. ఆమె వదల్లేదు. మోటారు లేచింది. పడవ ఊపు మీద గుండ్లపై గరగర రాసుకుంటూ జారింది. ఆ కాసేపు పడవకు మోటారు లేదు, దేవుడే దిక్కు. ప్రవాహం పట్టి దిగువన సగం మునిగిన ముళ్లచెట్ల వైపు గుంజుతోంది.

"దించు!"

ఈసారి ఆమె తప్పు చేయలేదు. వంగిన రెక్కతో మోటారు దడదడలాడుతూనే పడవను ఒడ్డుకు చేర్చింది. అంబులెన్సు వాళ్లు సుప్రియను ఎత్తుకుపోయారు. ఉమ వెంట ఎక్కింది. కాలిన వేళ్లను కొంగులో చుట్టుకోవడం కూడా ఆమెకు గుర్తు లేదు.

గద్వాల దవాఖానలో ఆపరేషన్ చేశారు. సుప్రియ బతికింది. బాబు ఏడవలేదు. ఎంత కొట్టినా, ఎంత నిమిరినా ఏడవలేదు. జర ముందు తెచ్చి ఉంటే బాగుండేదని నర్సు మెత్తగానే చెప్పింది. పాన్‌గల్ నుంచి పరుగున వచ్చిన రాకేష్ ఆ మాట విని గోడకు తిరిగి నిలబడ్డాడు. మామను ఏమీ అనలేదు. తిట్టి ఉంటే మల్లేశ్‌కు కొంచెం నయంగా ఉండేది. వైర్లు ఒలిచిన సమయం, మర తిప్పిన సమయం, ఫ్యూజుకు తీగె చుట్టిన సమయం అతను మనసులో కలుపుకుంటూనే ఉన్నాడు. కలిపిన ప్రతిసారీ అంతకుముందు ఫోన్లో నవ్విన నవ్వు దగ్గరికే వచ్చి ఆగేవాడు.

వరద పోయింది. పడవకు కొత్త రెక్క, కొత్త డబ్బాలు, కొత్త వైర్లు వచ్చాయి. బటన్ నొక్కితే మోటారు మునుపటిలాగే లేస్తోంది, దిగుతోంది. మల్లేశ్ పనికి తప్ప దాన్ని ముట్టడం మానేశాడు.

సుప్రియ అత్తవారింటికి పోయే రోజు వచ్చింది. గద్వాల ఒడ్డు మీదికి రాకేష్ ఆమె కోసం వస్తున్నాడు. పడవ ఎక్కబోయే ముందు ఉమ పళ్లెంలో ఒడిబియ్యం కలుపుకుని వచ్చింది. ఇప్పుడెందుకు, ఇట్లాంటప్పుడు పోయరు గదా అని ఎవరో అన్నారు.

"నా బిడ్డను ఖాలీ ఒడితోని పంపుతనా?" అంది ఉమ.

సుప్రియ పడవ బల్ల మీద కూచుని కొంగు పట్టింది. ఉమ వేళ్లపై కాలిన మచ్చలు ఇంకా నల్లగానే ఉన్నాయి. ఆ వేళ్లతో దోసిళ్లు పోసింది. పోస్తుంటే కొన్ని గింజలు కొంగు దాటి పడవలో పడ్డాయి. మల్లేశ్ మోటారు వదిలేసి మోకాళ్ల మీద కూచున్నాడు. బల్లల సందుల్లో వేళ్లు పెట్టి ఒక్కొక్క గింజ ఏరుతున్నాడు. తడిలో అతుక్కున్నవి గోటితో గీకి తీస్తున్నాడు.

"ఉండనీ నాయినా, నాలుగు గింజలకు ఏమైతది?" అంది సుప్రియ.

అతను ఏరుతూనే ఉన్నాడు. ఉమ పళ్లెం పక్కన పెట్టి, అతని ఎదురుగా తానూ కూచుంది. తానూ ఏరడం మొదలుపెట్టింది.

"ఆ పొద్దు మూత కింద నేను గూడ చూసిన," అంది మెల్లగా.

మల్లేశ్ చెయ్యి ఆగింది. ఇన్ని రోజులూ ఆ గింజల సంగతి ఆమెకు తెలియకుండా తానొక్కడే దాచుకున్నాననుకున్నాడు. ఆమె కూడా అతని దగ్గర అదే దాచింది. చూసి కూడా వచ్చి ఆ వైర్లు పట్టుకుంది.

"ఏంది అమ్మా? ఏం చూసినవ్?" అని అడిగింది సుప్రియ.

"ఏం లేదు బిడ్డా," అంది ఉమ. "కొంగు గట్టిగ పట్టుకో."

ఇద్దరూ పడవలో ఒక్క గింజ లేకుండా ఏరారు. మల్లేశ్ గుప్పిట్లో ఉన్నవి బిడ్డ ఒళ్లో పోసి, లేచి, మోటారు దించాడు.